రథం తాడు ఎక్కడిదాకా

ఇంకా ఐదు కాలేదు. చెప్పులు విప్పి ఈ గోడవార పెట్టండి. కళ్లాపి చల్లి పది నిమిషాలు కూడా అయి ఉండదు. నేల తడి ఆరలేదు, పేడ వాసన చలిగాలితో కలిసి ముక్కుకు తగులుతోంది. వీధి మొత్తానికి ఒకటే దీపం. దాని కింద పదకొండేళ్ల పాప చంకలో స్టీలు గిన్నె ఇరికించుకుని నడుము దాకా వంగి ఉంది. గిన్నెలో బియ్యప్పిండి. నిన్న అన్ని ఇళ్లల్లో పాలు పొంగాయి. ఇవాళ కనుమ. ఎదురింటి తమిళ కుటుంబానికి మాట్టుపొంగల్. పేరు ఏదైనా పని ఒకటే. తెల్లారితే ఎద్దుల కొమ్ములకు రంగు పడాలి, అంతకంటే ముందు వాకిట్లో ముగ్గు పడాలి.

తమిళనాడులో, ధర్మపురి నుంచి పెన్నాగరం పోయే దారిలో ఒక ఊళ్లో ఉన్నాం. ఈ వీధిలో ఆరేడు ఇళ్ల వాళ్లు తెలుగు మాట్లాడతారు. తరాల కింద ఎప్పుడు వచ్చారో వాళ్లకే సరిగ్గా తెలీదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనికి బెంగళూరు పోతే కన్నడం. అందుకే పాప చుక్కలు లెక్కపెట్టడం అరవంలో చేస్తుంది, లెక్క తప్పితే తనను తాను కసురుకోవడం మాత్రం తెలుగులో.

ఆమె చేతిని దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడువేలు, వాటి కింద ఆసరాగా మధ్యవేలు. చిటికెడు పిండి ఎత్తుతుంది, బొటనవేలు ఒక్కసారి ముందుకు జరుగుతుంది, చుక్క పడుతుంది. వరుసకు ఏడు. దాని పైన సందుల్లో ఆరు, ఆపైన ఐదు, నాలుగు. కిందవైపు కూడా అంతే. ఏడు చుక్కలు నాలుగు వచ్చేవరకు, సందుచుక్క. మొత్తం 37. కొలబద్ద లేదు, దారం లేదు, వెలుతురు కూడా సరిగ్గా లేదు. అయినా ఏ రెండు చుక్కల మధ్య చూసినా జానెడు కంటే ఒక వేలు ఎక్కువ లేదు, ఒక వేలు తక్కువ లేదు.

ఇప్పుడు గీత మొదలైంది. మెలికల ముగ్గు. గీత చుక్కను తాకకూడదు, దాని చుట్టూ తిరిగి పక్కదాన్ని ఒరుసుకుంటూ పోవాలి. మొదలుపెట్టిన చోటికే చేరి ముడిపడాలి. మధ్యలో చెయ్యి ఎత్తితే ఓడినట్టే అని ఆడపిల్లల్లో పందెం. పాప ఊపిరి బిగబట్టింది. వేళ్ల మధ్య నుంచి పిండి సన్నగా, ఎక్కడా తెగకుండా జారుతోంది. పిండి అయిపోవస్తోందని వేళ్లకు ముందే తెలిసిపోతుంది కాబోలు, గీత మలుపు తిరిగే చోట ఆగి మళ్లీ చిటికెడు ఎత్తుకుంటుంది. అతుకు ఎక్కడుందో రేపు పట్టపగలు వెతికినా మీకు దొరకదు.

తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ అనే ఆచార్యుడు, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్‌లతో కలిసి ఇలాంటి ముగ్గుల మీద 1974లో ఒక పరిశోధన పత్రం రాశాడు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే బొమ్మకూ ఉంటుందనీ, కొద్ది సూత్రాలతో ఎన్ని ముగ్గులైనా పుట్టించవచ్చనీ చెప్పే పని అది. కంప్యూటర్ శాస్త్రం చదివేవాళ్లకు ఆ పేర్లు తెలుసు. ఈ పాపకు తెలియవు. ఆమెకు ఆ సూత్రాలు అవ్వ నోటి నుంచి వచ్చాయి.

"ఆ సుక్క ఈడ కాదు మే, ఆడ!" అదిగో, అవ్వ గొంతే. పిట్టగోడ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. ఆమె ఈ పాప సొంత అవ్వ కాదు, పక్కింటావిడ. మనం నిలబడ్డది కూడా పాప వాకిట్లో కాదు, ఆ అవ్వ వాకిట్లో.

ఈ మాట చెబుదామనే మిమ్మల్ని ఇంత పొద్దున్నే లాక్కొచ్చాను. అవ్వ మోకాళ్లు వంగవు. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పని మీద ఉన్నారు. ధర్మపురి జిల్లాలో ఏ వీధికి వెళ్లినా ఇలాంటి ఇళ్లు నాలుగు కనిపిస్తాయి, వానలు తప్పితే పనికి బెంగళూరో తిరుప్పూరో పోవడం ఇక్కడ మామూలు. ముగ్గు లేని వాకిలిని చూస్తే ఏమనుకుంటామో మనకు తెలుసు. చావు జరిగిన ఇంట్లోనే ముగ్గు వెయ్యరు. బతికున్న మనిషి వాకిలి అలా బోసిగా ఉంటే ఆమెకు ఎలా ఉంటుంది? నెలగంట పెట్టిన నాటి నుంచి నెల రోజులుగా పాప ముందు ఈ వాకిట్లో ముగ్గు పెట్టి, తర్వాతే సొంత వాకిటికి పోతోంది. అవ్వ ఇచ్చేది రెండు మురుకులు, పది తిట్లు. తిట్టడానికి ఒక మనిషి రోజూ పొద్దున్నే వాకిట్లో ఉండటం అవ్వకు ఎంత పెద్ద విషయమో ఆ గొంతులోని ఉత్సాహం వినండి, మీకే తెలుస్తుంది.

గిన్నె తీసుకుని పాప లేచింది. అవ్వ ఇంటి తర్వాతి ఇల్లు తాళం వేసి ఉంది. గడప మీద దుమ్ము. పండక్కి కూడా రాలేకపోయారు. పాప అక్కడ ఆగి, అయిదు చుక్కలతో అరచేయంత ముగ్గు పెట్టింది. పెట్టమని ఎవరూ అడగలేదు.

"వాళ్లు లేరు కదా, ఎవరికి?" అని అడిగి చూడండి.

"మా ఈదికి," అంటుంది, తల ఎత్తకుండానే.

మనం ఈ పనిని కళ అనం. బొమ్మ అంటే కాగితం మీద గీసి బహుమతికి పంపేది అని అలవాటైపోయింది. పిల్లల బొమ్మలకు మన దేశంలో గౌరవం దక్కలేదని కాదు. కార్టూనిస్టు శంకర్ 1949లోనే పిల్లల చిత్రలేఖన పోటీ మొదలుపెట్టాడు, అది ప్రపంచం నలుమూలల పిల్లలకూ పాకింది. సేవాగ్రామ్‌లో దేవీప్రసాద్ 1944 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు పిల్లలతో బొమ్మలు వేయించి, చదువుకు కళే పునాది అని పుస్తకం రాశాడు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో 2022 నుంచి కళోత్సవాలు జరుగుతున్నాయి. అవన్నీ మంచివే. కానీ బహుమతి వచ్చిన బొమ్మ ఫైలులోకి పోతుంది. ముగ్గు అలా కాదు. అది వీధిలో పుట్టి వీధిలోనే అరిగిపోతుంది. దాని మీద నుంచి మనుషులు నడుస్తారు, కోళ్లు తిరుగుతాయి. చీమలు గింజంత పిండిని మోసుకుపోతాయి. నిన్నటి ముగ్గు దగ్గర చూడండి, సగం గీత లేదు. వరుసగా వెళ్తున్న చీమలు ఉన్నాయి. అందుకే అవ్వ రాతిపొడి వాడనివ్వదు. బియ్యప్పిండే ఉండాలి, ఎవరికో ఒకరికి తిండి కావాలి.

ఈ నేల మీద తెల్ల గీతలు కొత్త కాదు. ఒకప్పుడు ఈ జిల్లాలోదే, ఇప్పుడు కృష్ణగిరి వైపు పోయిన మల్లపాడిలో, బర్గూరు దగ్గర కొండరాళ్ల మీద తెల్ల రంగుతో గుర్రపు రౌతులను గీసిన చేతులు ఏ కాలానివో. సేలం దారిలో అదియమాన్‌కోట చెన్నరాయపెరుమాళ్ గుడి పైకప్పు నిండా రామాయణ భారత కథల రంగులు. అవి పెద్దవాళ్ల బొమ్మలు, తల ఎత్తి చూడాలి. ఇవి తల దించి చూసేవి.

తెల్లవారుతోంది. పాప ముగ్గు పని కాసేపు ఆపి కాఫీకి లోపలికి పోయింది. ఈ సందులో మనం బడి దాకా వెళ్లొద్దాం, దూరం లేదు.

బడి ప్రహరీ గోడకు రెండు వైపులు ఉన్నాయి. బస్సు రోడ్డు వైపు పెయింటరు వేసిన బొమ్మలు. మిక్కీ మౌస్, ఛోటా భీమ్, చేతులు జోడించిన అమ్మాయి, ఏ ఫర్ ఆపిల్. రంగులు నిగనిగలాడుతున్నాయి. బడి భవనాన్నే పాఠంగా మార్చాలని, నేల మీద, కిటికీ ఊచల మీద, తలుపు తెరుచుకునే కోణంలో కూడా లెక్కలు నేర్పవచ్చని కబీర్ వాజ్‌పేయి బృందం ఎంతో ఆలోచించి 'బాలా' పద్ధతిని తయారు చేసింది. చాలా చోట్ల అది చివరికి ఇలా కార్టూన్ బొమ్మలుగా మిగిలింది. పెయింటరును తప్పుపట్టను, చెప్పిన పని శుభ్రంగా చేశాడు. కానీ ఈ గోడ ముందు ఒక్క మనిషి ఆగడం నేను చూడలేదు.

ఊళ్లోకి తిరిగి ఉన్న వైపు రండి. ఇది పిల్లలు వేసింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు టీచరమ్మ ఒక్కొక్కరికీ చేతులు చాపినంత మేర గోడ ఇచ్చింది. సున్నం కొట్టించి, మూడు రంగుల డబ్బాలు కొని, ఒకటే మాట చెప్పింది: మీ ఇంట్లో రోజూ చూసేది వెయ్యండి. పుస్తకంలోది వద్దు.

ఇక్కడ ఆగండి. ఈ ఇంటికంటే పెద్దగా ఉన్నది చెట్టు కాదు, కొళాయి. ఇంటి కప్పు మీదకు వంగి, బిందెడంత చుక్కను వదులుతోంది. మన నల్గొండ వాళ్లకు ఈ బొమ్మ చెప్పకుండానే అర్థమవుతుంది. ధర్మపురి బోరుబావుల నీళ్లలో కూడా ఫ్లోరైడే. జపాన్ అప్పుతో కట్టిన హొగెనక్కల్ మంచినీటి పథకం 2013లో మొదలైంది. కావేరి నీళ్లు గొట్టాల్లో ఈ ఊళ్లకు వచ్చాయి. ఆ బొమ్మ వేసిన పిల్లాడు అప్పటికి పుట్టి కూడా ఉండడు. ఇంట్లో పెద్దవాళ్లు కొళాయిని చూసి ఎంత పొంగిపోయారో విని ఉంటాడు, అందుకే దానికి అంత ఎత్తు ఇచ్చాడు.

దాని పక్కదాన్ని కాస్త వంగి చూడండి, నేలకు దగ్గరగా ఉంది. తలపాగా చుట్టిన తాత, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేసింది ఆ పిల్ల. పళ్లకు తెల్ల రంగు వెయ్యలేదు. ఎర్రమట్టి రంగులో నలుపు కలిపి గోధుమ రంగు చేసి, ప్రతి పంటి మీదా అడ్డచారలు పెట్టింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పళ్లు అలాగే ఉంటాయి. ఆ పిల్లకు అది జబ్బు గుర్తు కాదు, తాత నవ్వు. ఆ బొమ్మ ముందు ఒక ముసలాయన సైకిల్ ఆపడం నా కళ్లతో చూశాను. ఫొటో తీస్తామంటే నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకునే తరం అది. ఆయన చాలాసేపు చూశాడు. చూపుడు వేలితో ఆ పళ్ల మీద ఒకసారి రాశాడు. తర్వాత నా వైపు తిరిగి, నోరు మూసుకోకుండా నవ్వాడు.

పెయింటరు గోడ మీద అందరి పళ్లూ తెల్లగా ఉన్నాయి.

ఇదిగో, బెంగళూరు బస్సు. పది కిటికీలు, పది కిటికీల్లోనూ ఒకే మీసాలు. ఏమిటని అడిగితే, "మా నాయన ఏ సీట్లో కూసున్నాడో నాకు కనపళ్లా, అందుకే అన్నింట్లోనూ పెట్టినా," అన్నాడట ఆ పిల్లాడు. వాళ్లమ్మ రేషన్‌కు పోతూ వస్తూ ఆ బస్సు దగ్గర ఒక క్షణం నిలబడుతుంది. ఏమీ అనదు. వెంట ఉన్న ఆడవాళ్లు కూడా నిలబడతారు. వాళ్ల ఇళ్లల్లో మగవాళ్లు కూడా అదే బస్సులో పోయినవాళ్లే. ఒక ఇంట్లో మూసిపెట్టుకున్న బెంగ గోడ మీదకు వస్తే, అది పదిమంది కలిసి చూసే బెంగ అవుతుంది. మనసు తేలికపడటం అంటే నాకు తెలిసినంతలో ఇదే. దీనికోసం ఉపన్యాసం ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. చేతులు చాపినంత గోడ ఒక పిల్లాడికి ఇచ్చారు, అంతే.

తమిళనాడులో ఖాళీ గోడ ఎవరినీ ఊరకే ఉండనివ్వదు. సినిమా పోస్టరు, కన్నీటి అంజలి పోస్టరు, ఎన్నికలు వస్తే 'ఈ గోడ ఫలానా పార్టీది' అని ముందే రాసిపెట్టుకోవడం. ఈ గోడ మీద అవేమీ లేవు. కాపలా కూడా లేదు. పోస్టరు అంటించేవాడి మేనకోడలి బొమ్మ కూడా ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊళ్లో బాలవాడి పిల్లలు గీసిన బొమ్మను అరియోస్తో నాటకశాల తెరగా వేలాడదీశారు. పెద్దవాళ్ల ప్రదర్శనకు ముందు ఆ ఊరంతా పిల్లల గీతల ఎదురుగా కూర్చుంటుంది. పిల్లల చేతికి ఊరి ముఖాన్ని అప్పగించడం అంటే అది. ఈ బడి టీచరమ్మ ఆ ఊరి పేరు విన్నదో లేదో, చేసింది మాత్రం అదే పని.

గోడ చివరికి వచ్చేశాం. ఆఖరి రెండు బొమ్మల్ని కలిపి చూడండి. రెండు ఇళ్లు, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో పిట్టగోడ కూడా లేదు. ఒకటి ఇప్పుడు ముగ్గు వేస్తున్న మన పాపది, నిరుడు ఐదో తరగతిలో ఉన్నప్పుడు వేసింది. రెండోది రోడ్డు అవతల కాలనీలో ఉండే ఆమె స్నేహితురాలిది. బడిలో ఇద్దరూ ఒకే బెంచీ. గోడ మీద ఇళ్లు పక్కపక్కనే. నేల మీద మాత్రం ఆ రెండు ఇళ్ల మధ్య తారు రోడ్డు ఉంది. ఊరు ఇటు, కాలనీ అటు.

ఆ రోడ్డు సంగతి చెప్పకుండా ఈ జిల్లాలో ముగ్గుల గురించి, గోడ బొమ్మల గురించి తీయగా మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే. 2012 నవంబర్ 7న ఇదే జిల్లాలో నత్తం కాలనీ మీదా, పక్కనున్న మరో రెండు దళిత వాడల మీదా గుంపులు పడ్డాయి. ఒక కులాంతర పెళ్లి సాకు. రెండు వందలకు పైగా ఇళ్లను దోచి తగలబెట్టారు. ఆ ఇళ్లకు కూడా వాకిళ్లు ఉన్నాయి. ఆ వాకిళ్లలో కూడా ఆ పొద్దున ఎవరో ఒక పిల్ల ముగ్గు పెట్టే ఉంటుంది. బొమ్మలు వేస్తే కులం పోతుందని నేను అనను. అయితే పక్కపక్కన ఇళ్లు గీసుకున్న చేతులు రేపు పెద్దవైనప్పుడు వాటికి ఏదో ఒకటి గుర్తుండాలి కదా. ఆ గుర్తును గోడ మీద, అందరూ నడిచే దారిలో ఉంచడం మన చేతిలో ఉన్న పని. పిల్లల బొమ్మ ఏ వీధికి వచ్చింది, ఏ వీధి దగ్గర ఆగింది అన్నది చూడకుండా 'ఊరు బాగుంది' అని చెప్పలేం.

పదండి, పాప కాఫీ అయిపోయి ఉంటుంది.

వెలుతురు వచ్చేసింది. ఇప్పుడు ఆమె సొంత వాకిట్లో ఉంది. రథం మొదలైంది. రెండు చక్రాలు, చక్రానికి ఎనిమిది ఆకులు, పైన మూడంతస్తుల గోపురం, కొసన జెండా. పేడముద్ద మీద గుమ్మడిపువ్వు గుచ్చి గొబ్బెమ్మను రథం నడుమ కూర్చోబెట్టింది. నెల రోజులు ఇంట్లో ఉన్న పండగను సాగనంపే బండి ఇది. మన తెలుగు ఊళ్లలో కనుమకో ముక్కనుమకో వేస్తాం. ఇక్కడి తమిళుల ఇళ్లల్లో తేర్ కోలం రథసప్తమికి వేస్తారు. కానీ ఈ వీధిలో ఆ రెండు అలవాట్లూ కలిసిపోయి చాలా కాలమైంది. ఎదురింటి తమిళ పిల్ల కూడా ఇవాళే వేస్తోంది.

రథం కంటే నాకు ఇష్టమైనది తర్వాత వచ్చేది. తాడు.

చూడండి, పాప రథం ముందు నుంచి జంటగీత తీసింది. మధ్యలో అడ్డగీతలు, పేనిన తాడులాగా. ఆ గీత వాకిలి దాటి అవ్వ వాకిట్లోకి పోయింది. అవ్వకు రథం లేదు, పొద్దున వేసిన మెలికల ముగ్గు ఉంది. దాని అంచుకు తాడు ముడివేసింది. అక్కడి నుంచి తాళం వేసిన ఇంటికి, ఆ అరచేయంత ముగ్గుకు ఒక ముడి. ఇంతలో ఎదురింటి పిల్ల తన రథం తాడును వీధికి అడ్డంగా లాక్కొచ్చి ఇటు కలిపింది. పై వీధి నుంచి ఇంకో ఇద్దరు వంగి వంగి వెనక్కి నడుస్తూ వస్తున్నారు, ఒకరి చేతిలో పిండి, ఒకరి చేతిలో చాక్‌పీసు. ఒక రథం ఇంకో రథాన్ని లాగుతోంది. పన్నెండు ఇళ్లు ఒక తాడు మీద ఉన్నాయి. అవ్వ పిట్టగోడ దిగి, గోడ పట్టుకుని నెమ్మదిగా నాలుగు అడుగులు వేసి వచ్చి తన ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

"ఇంకా లాగు మే, నిలబెట్టొద్దు," అంది.

పాప లాగింది. వీధి మూల తిరిగింది, బడిగోడ వెంట పోయింది, తాత నవ్వు కింద నుంచి, బెంగళూరు బస్సు కింద నుంచి. తారు రోడ్డు అంచుకు చేరింది. గిన్నెలో పిండి అడుగంటింది. రోడ్డు అవతల కాలనీ మొదటి వాకిట్లో ఇంకో రథం కనిపిస్తోంది. దాని పక్కన చేతులకు పిండి అంటుకున్న ఇంకో పిల్ల నిలబడి ఉంది. ఆమె రథం ముందున్న తాడు కూడా రోడ్డు వైపే చూస్తోంది, రోడ్డు అంచు దగ్గరే ఆగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెనక టీ కొట్టు దగ్గర నలుగురు పెద్దమనుషులు ఉన్నారు. పాప ఒకసారి అటు చూసింది. గిన్నె ఒంపి, మిగిలిన పిండినంతా దులిపి, రోడ్డు మీదకు రెండు అడుగులు తాడు లాగింది. అంతే వచ్చింది.

పాలక్యాన్లు కట్టిన మోటార్ సైకిల్ ఊళ్లోంచి వచ్చింది. హారన్ కొట్టింది. పాప పక్కకు తప్పుకుంది. అప్పుడే వేసిన తాడు మీద నుంచి చక్రం ఎక్కి దిగి, రోడ్డు దాటి, కాలనీ వీధిలోకి తిరిగింది. టైరు తిరిగినప్పుడల్లా తారు మీద ఒక తెల్ల మచ్చ పడుతోంది. అవతలి పిల్ల ఆ మచ్చల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒన్ను, రెండు, మూణు. ఇటు నుంచి మన పాప కూడా అందుకుంది.